వాన పడితే ఏ భాష ముందు లేస్తుంది

ఆ రోజుల్లో (మరీ పాతకాలం అనుకోకండి, అప్పటికే బస్తర్ అంచున ఉన్న మా కోంటాకు సెల్ టవర్ వచ్చింది, సిగ్నల్ మాత్రం ఇంకా దారిలో ఉంది) నాకు పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి కోపంగానే ఉండేది. ఆ వయసు కుర్రాళ్ళకు ప్రేమలుంటాయి, క్రికెట్ ఉంటుంది, మోటారు సైకిలు మీద మోజుంటుంది. నాకు కోపం ఉండేది. అదీ మనుషుల మీద కాదు, వ్యాసాల మీద. "ఏ బోర్డు మంచిది? ఏ భాష గొప్పది?" అని నెత్తిన పెద్ద అక్షరాలతో పేరు పెట్టుకుని, పట్టికలు గీసి, ఇటు కాస్త పొగిడి, అటు కాస్త తిట్టి, తీరా చివరికొచ్చేసరికి "అది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది" అని చేతులు దులుపుకుపోయే వ్యాసాలున్నాయే, వాటి మీద. నా అవసరం నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతానయ్యా? ఏది గొప్పదో చెప్పమని కదా ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆ ఇంగ్లీషు అంతా చదివాను! దుకాణానికొచ్చి "ఏ బియ్యం బాగుంటాయి?" అని అడిగినవాడితో మా నాన్న "అది మీ ఆకలిని బట్టి ఉంటుంది" అంటే వాడు మళ్ళీ మా గడప తొక్కుతాడా?

సంగతి తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. సరదాకి కరెంటు పనులు చేసుకునేవాళ్ళ కోసం అరచేతిలో ఇమిడే బోర్డులు దొరుకుతాయి. వాటికి తీగలు తగిలించి, కంప్యూటర్‌లో నాలుగు వాక్యాలు రాసి ఎక్కిస్తే దీపం వెలిగిస్తాయి, మోటారు తిప్పుతాయి, చెమ్మ తగిలితే గంట కొడతాయి. నా దగ్గర అలాంటివి రెండుండేవి. ఒకటి నీలంది, ఒకటి పచ్చది. నీలం బోర్డుకు 'సి' అనే పాత భాషలో చెప్పాలి. పచ్చ బోర్డుకు 'పైతాన్' అనే కొత్త భాషలో చెబితే చాలు. ఈ రెండూ తెలుగు, హిందీ లాంటి భాషలు కావు, యంత్రాలకు పని చెప్పే భాషలు. ఈ మాట ఇక్కడే స్పష్టంగా రాస్తున్నాను. ఆనాడు దీన్ని స్పష్టంగా చెప్పకపోవడం వల్లే, చెప్పినా ఎవరూ వినకపోవడం వల్లే, నేనిప్పుడు రాయబోయేదంతా జరిగింది.

మాది కోంటాలో దుకాణం. అడవి సరుకు, ముఖ్యంగా చింతపండు, ఇప్పపువ్వు కొని, పెరట్లో ఆరబోసి, మూటలు కట్టి పంపడం మా నాన్న పని. నన్ను మాత్రం పోటీ పరీక్షల కోచింగ్ అని బచేలీలో మా మేనత్త ఇంటికి పంపారు. మామయ్యది గనిలో ఉద్యోగం, ఉండేది కంపెనీ క్వార్టర్‌లో. కోచింగ్ సంగతి అడక్కండి. నేను చదివిన చదువంతా ఆ టౌన్‌షిప్ లైబ్రరీలోనే. బదిలీ మీద వెళ్ళిపోయిన ఇంజనీరు ఎవరో పెట్టెడు పుస్తకాలు అక్కడ వదిలేసి వెళ్ళారు. నేను వచ్చేదాకా వాటిని తెరిచినవాడు లేడు. తెరిచానని లైబ్రరీ గుమాస్తా బాబుకు నా మీద అనుమానం కూడా. (ఆయన్ని మేం 'నిశ్శబ్దం బాబు' అనేవాళ్ళం. గోడ మీద 'మౌనం పాటించండి' అన్న బోర్డు కింద కూర్చుని, సెల్‌ఫోన్లో బచేలీ అంతటికీ వినిపించేలా మాట్లాడేవాడు.) పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ పుస్తకాలన్నీ చదివాను. గురువు లేడు, ఫీజు లేదు. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, దాచుకోను.

ఆ గర్వానికి మొదటి దెబ్బ తగిలింది కూడా లైబ్రరీ వల్లే. నీలం బోర్డు ఒకసారి నా మాట వినకపోతే, ఇంటర్నెట్‌లో ఇలాంటి పనులు చేసేవాళ్ళు కూడే చోట నా గోడు రాశాను. ఎవరో దొరగారు జవాబిచ్చారు: "నువ్వు ఏ లైబ్రరీ వాడుతున్నావు?" పరాయి దేశంవాడికి కూడా నా చదువు మీద ఎంత శ్రద్ధ అని నా కళ్ళు చెమర్చినంత పనయింది. "కంపెనీ టౌన్‌షిప్ లైబ్రరీ సార్, ఆసుపత్రి ఎదురుగా, సాయంత్రం పూట తీస్తారు, ఆదివారం సెలవు" అని వినయంగా రాశాను. ఆ భాషల్లో లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన వాక్యాల మూట అట! పుస్తకాలున్న గదికీ వాక్యాల మూటకీ ఒకే పేరు పెట్టినవాడిని వదిలేసి లోకమంతా నన్ను చూసి నవ్వింది. లోకం అంటే ముఖ్యంగా మా బావ. మేనత్త కొడుకు, ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆదివారం సెలవని కూడా రాశావేంట్రా! పాపం వాడు ఆదివారం బయల్దేరి వచ్చేస్తాడనుకున్నావా?"

"నవ్వు బావా, నవ్వు. ఫీజు కట్టి చదివినవాడివి కదా, నవ్వడానికి నీకు హక్కుంది."

"ఫీజు సంగతి సరేగానీ, పైతాన్ ఉండగా ఆ ముసలి సి-తో ఏం కుస్తీరా? వాక్యం చివర చుక్కా కామా పెట్టకపోతే నిద్రపట్టదా నీకు?"

వాళ్ళ కాలేజీలో పైతానే చెబుతారు. అందుకని పైతానే గొప్ప. సి వచ్చినవాళ్ళను అడిగితే సియే గొప్ప. పోనీ ఇంటర్నెట్‌లో అడుగుదామని "ఈ రెంటిలో ఏది మేలు?" అని ఒక్క ముక్క రాస్తే, రెండు పక్షాలవాళ్ళూ ముందు ఒకరినొకరు తిట్టుకుని, తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ లోకంలో తీర్పు చెప్పే మగాడు లేడు కాబట్టి ఆ తీర్పేదో నేనే చెబుతాను. పట్టికలు కాదు, పరీక్ష పెట్టి. రెండు బోర్డులకూ చెమ్మ కనిపెట్టే పలకలు ఒకేలాంటివి తగిలిస్తాను. రెంటి మీదా ఒకేసారి నీళ్ళు చల్లుతాను. ఎవరు ముందు లేచి "వాన!" అంటారో వాళ్ళది గెలుపు. మా పెరట్లో ఆరబోసిన ఇప్పపువ్వు అకాల వానకు తడిసి పులిసిపోవడం నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను కనుక ఊరికి ఉపయోగం కూడా.

నీలం బోర్డుకు ఒక కూత గొట్టం పెట్టాను. చెమ్మ తగిలితే కీ మంటుంది. పచ్చ బోర్డు చిన్నసైజు కంప్యూటరే కనుక దానికి స్పీకర్ తగిలించి మనిషి గొంతే పెట్టాను. ఎవరి గొంతు? వాన వచ్చినప్పుడు మా పెరట్లో మోగే గొంతు ఒక్కటే ఉంది, మా నాన్నది. కోంటా వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం నిజంగానే చినుకులు పడుతుంటే, సెల్‌ఫోన్ చేతిలోనే ఉండటంతో ఆ అరుపులు పట్టుకొచ్చాను.

బోర్డులు చూసి నాన్న అడిగినవి మూడే ప్రశ్నలు.

"ఎవడమ్మిండు ఇది?"

"బోర్డు కొన్నదే నాన్నా. కాని దాని నమూనా, దాంట్లో రాసేదంతా ఊరకనే ఇస్తారు. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, మళ్ళీ పదిమందికి పంచొచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు."

"ఫుకట్‌కా?"

"ఫుకట్‌కే."

నాన్న నా వంక, బోర్డు వంక, మళ్ళీ నా వంక చూశాడు. "ఊరకనే ఇస్తున్నడంటే సరుకుల పురుగన్న ఉండాలె, లేకుంటే వాని బుర్రల పురుగన్న ఉండాలె. ఏందిరా నువ్వు చదివేది?" అన్నాడు. (పురుగు సంగతి మాత్రం ఆయన నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ భాషల్లో దొర్లే తప్పులను ప్రపంచమంతా పురుగులనే పిలుస్తుంది.)

అప్పుడే దంతెవాడలో జిల్లా యువ మేళా అని విన్నాం. సైన్సు విభాగంలో మొదట వచ్చినవాడిని ప్రభుత్వ ల్యాబులో సహాయకుడిగా తీసుకుని, పని నేర్పుతారట. నాకు ఇక నిద్ర లేదు. నాన్న కూడా ఫోన్లో తేల్చి చెప్పేశాడు: "గా మేళాల నిన్ను తీసుకుంటే ల్యాబుకే పో, నేను అడ్డం రాను. తీసుకోకుంటే మాత్రం ఈ తీగలు, ఈ లైబ్రరీలు బంద్. వచ్చి దుకాణంల కూసో. చింతపండు దిగుతుంది, నాకు మనిషి కావాలె." మా నాన్న మాట అంటే మాటే. ఆయన బేరంలోనే దిగడు, ఇక మాటలో దిగుతాడా?

మేళా పెద్ద ఒక హిందీ మాస్టారు. ఏ సభైనా మైకు ఆయన చేతిలోకి వచ్చిందంటే కరెంటు పోతే తప్ప ఇవ్వడు కనుక ఆయన పేరు మైక్ సార్. పేర్లు ఆయనే ఫోన్లో రాసుకుంటున్నాడు. క్వార్టర్ల డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన సిగ్నల్ దొరికే మూలలో ఒంటికాలి మీద నిలబడి ఫోన్ చేశాను.

"విషయ్ క్యా హై, బేటా?"

"దో భాషావోం కీ తుల్నా, సర్." రెండు భాషల పోలిక.

"వాహ్! కౌన్ సీ భాషాయేం?"

"సి ఔర్ పైతాన్" అన్నాను. ఆ చివర గరగర తప్ప ఏం వినిపించిందో. "క్యా? క్యా?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పేర్లు పోనీ, గుణాలన్నా చెబుదామని హిందీలో అరిచాను: ఒకటి చాలా పాతది సార్, చాలా కఠినం, దాన్లోంచే మిగతావెన్నో పుట్టాయి, ఒకటి కొత్తది, సులువు, ఇప్పుడందరూ అదే వాడుతున్నారు.

"వాహ్, వాహ్!" అన్నాడాయన గద్గదంగా. "ఈ కాలపు పిల్లల్లో కూడా ఇంత భాషాభిమానమా!" సిగ్నల్ పోయింది. సైన్సు మేళాలో భాషాభిమానం ఎందుకొచ్చిందా అని ఒక్క క్షణం అనిపించింది. కాని మెచ్చుకుంటున్న మనిషిని అనుమానించే అలవాటు నాకు లేదు. అప్పటిదాకా నన్నెవరూ మెచ్చుకోలేదు కదా.

మేళా రోజు బావ, నేను అట్టపెట్టెతో బస్సెక్కి దంతెవాడలో దిగాం. నాన్న కోంటా నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు, ఉతికిన పంచెలో, నా తీర్పు వినడానికి కాదు, తన తీర్పు అమలు చేయడానికి. సైన్సు హాల్లో బల్లలన్నీ వెతికాను. నా పేరు ఏ బల్ల మీదా లేదు. అందరికంటే ముందు బల్ల మీద గనిలోంచి ఖనిజం మోసే పట్టీ నమూనా ఉంది. సైకిల్ ట్యూబు కోసి చేశాడు. వెనక ఎవరో కంపెనీ ఆఫీసర్ కొడుకు ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయిని అడిగితే జాబితా చూసి, "మీరు ఇక్కడ కాదు భయ్యా, భాషా మంచ్" అని మైదానంలో షామియానా చూపించింది.

భాషా మంచ్! అంటే భాషల వేదిక. అక్కడికి వెళ్ళేసరికి ఒకమ్మాయి వేదిక మీద హల్బీకీ ఛత్తీస్‌గఢీకీ ఉన్న చుట్టరికం గురించి పాట పాడుతోంది. ఆమె తర్వాత ఒకతను గోండీ మాటలు చెప్పాడు. అప్పుడు నాకు వెలిగింది. మా బస్తర్‌లో పొద్దున లేస్తే ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. ఇక్కడ "రెండు భాషల పోలిక" అంటే ఎవరికైనా ఏం తోస్తుంది? నాకు మాత్రం అది తోచలేదు. ఎందుకంటే నేను లైబ్రరీలో చదువుకున్నవాడిని!

"సార్, నాది సైన్సు" అన్నాను మైక్ సార్ మోచేయి పట్టుకుని.

"అవును బేటా, భాష కూడా ఒక సైన్సే" అన్నాడు.

"కాదు సార్, ఇవి మెషీన్ల భాషలు!"

"మెషీన్‌లాగా గడగడా చెప్పెయ్. భయపడకు." అని మైకులోకి తిరిగి, "ఇప్పుడు మన యువ పండితుడు సంస్కృతానికీ హిందీకీ గల పోలికలు వివరిస్తాడు!" అని ప్రకటించేశాడు. పాతది, కఠినం, దాన్లోంచే మిగతావన్నీ పుట్టాయి. ఆయన తప్పేం ఉంది లెండి. అప్పుడు మాత్రం ఆయన్ని ఆ మైకు తీగతోనే కట్టెయ్యాలనిపించింది.

కింద ముందు వరసలో ముఖ్య అతిథి, వెనక హాస్టల్ పిల్లలు, పక్కన టీ గ్లాసుతో నాన్న. దిగిపోతే దుకాణమే. బోర్డులు మైకు పక్కనున్న బల్ల మీద పెట్టి, కోపంగా మొదలుపెట్టాను. ముందు రాసుకున్నదంతా ఎగిరిపోయింది. నోటికొచ్చిందే హిందీలో చెప్పాను.

"సంస్కృతం కాదు, హిందీ కాదు! ఇది సి. సి అంటే తహసీల్ ఆఫీసు. లోపల అడుగు పెట్టకముందే నువ్వు అంకెవా, అక్షరానివా చెప్పుకోవాలి. ప్రతి వాక్యం చివరా ముద్ర పడాలి. ఒక్క ముద్ర తప్పిందా, కాగితాలన్నీ వెనక్కి కొడతారు. తప్పు ఎక్కడుందో అడిగితే, లేని చోట చూపిస్తారు!" హాస్టల్ పిల్లలు గొల్లుమన్నారు. నేను నవ్వించడానికి చెప్పలేదు! నాకు ఇంకా మండింది. "నవ్వకండి! ఇది పైతాన్. పైతాన్ అంటే పెళ్ళి పంక్తి. పేరడగరు, ముద్రలడగరు, వచ్చి కూర్చోడమే. కాని వరసలో ఒక్కడు జానెడు అటు జరిగి కూర్చున్నాడా, మొత్తం వడ్డన ఆగిపోతుంది! పప్పు ఎక్కడిదక్కడే!" ముఖ్య అతిథి కూడా నవ్వేశాడు. కోపం ఎంత పెరిగితే జనం అంత నవ్వారు. బావ అయితే కుర్చీలోంచి జారిపోయాడు.

"చాలు! ఇప్పుడు పరీక్ష. తర్వాత తీర్పు" అని సీసాలోంచి రెండు పలకల మీదా నీళ్ళు చల్లాను. నీలం బోర్డు అదే క్షణంలో కీ మంది. చప్పట్లు. పచ్చ బోర్డు ఉలకలేదు, పలకలేదు. చూద్దును కదా, దాని కరెంటు తీగ ఊడిపోయి ఉంది. బల్ల మీద నేను గుద్దుతూ మాట్లాడినప్పుడు ఊడినట్టుంది.

"నయీ భాషా సో రహీ హై!" కొత్త భాష నిద్రపోతోందట. ఎవడో హాస్టల్ కుర్రాడు అరిచాడు. మైక్ సార్ గంట కొట్టాడు. టైమైపోయింది. తీర్పు ఇంకా చెప్పలేదని మొత్తుకున్నాను. తీర్పు నాలుక చివరిదాకా వచ్చింది. బ్యాడ్జీలవాళ్ళు భుజాలు పట్టి, మర్యాదగా, మెట్లు దించేశారు. నీలం బోర్డు మాత్రం కీ మంటూ నా చేతిలోకి వచ్చింది. పచ్చది పైనే ఉండిపోయింది.

తిన్నగా సైన్సు హాలుకు పరిగెత్తాను. అప్పుడే అక్కడ చీటీ అంటిస్తున్నారు. మొదటి స్థానం ఖనిజం పట్టీకి. పట్టీ ఎలా తిరుగుతోందా అని వంగి బల్ల గుడ్డ ఎత్తి చూశాను. కింద కుట్టుమిషను పెడల్! ఇస్త్రీ చొక్కా అబ్బాయి కాలితో తొక్కుతున్నాడు. మోటారు లేదు, బోర్డు లేదు, భాష లేదు! "కాలితో తిప్పుతున్నాడు సార్!" అని న్యాయనిర్ణేతను పట్టుకుని అరిచాను. ఆయన చిరునవ్వుతో "విద్యుత్తు ఆదా" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎవరు నేర్పారో, ఎక్కడ నేర్పారో, తలుచుకుంటే ఇన్నేళ్ళకూ నాకు కోపమే.

సరిగ్గా అప్పుడు మైదానంలోని లౌడ్‌స్పీకర్లన్నీ ఒక్కసారి గొంతెత్తాయి.

"ఒరేయ్ వానరా వాన! ఏంది గట్ల బొమ్మల్లెక్క చూస్తున్నరు? కూసున్నది సాలు, లేవుండ్రి! ఎత్తుండ్రి! తినుడుకైతే ముందుంటరు!"

ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు. వేదిక సర్దుతున్న పుణ్యాత్ముడెవడో ఊడిన తీగ చూసి, ఎందుకైనా మంచిదని గుచ్చేశాడు. పచ్చ బోర్డు లేవడానికి ఎప్పుడూ ఇల్లాలు కాఫీ కలిపేంత సేపు పడుతుంది. అది తీరిగ్గా లేచి, పలక మీద ఇంకా ఆరని నీళ్ళు చూసుకుని, మైకు పక్కన కూర్చుని, సరిగ్గా ముఖ్య అతిథి వేదికెక్కి, మైకు ముందు కుర్చీలో సర్దుకుని ఉపన్యాసం ఎత్తుకున్న సమయానికి మా నాన్న గొంతుతో ఆయన్ని అదిలించింది. తెలుగు రానివాళ్ళు బిత్తరపోయారు. కాని మైదానం అంచున మా కోంటా వైపు నుంచి వచ్చిన పొదుపు సంఘం ఆడవాళ్ళు దుకాణాలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ళకు ఆ మాటలు అర్థమయ్యాయి. ఆకాశం వంక చూసినవాళ్ళు లేరు. ఇప్పలడ్డూలు, ఎండుమిర్చి, అప్పడాలు చేటలతో సహా ఎత్తుకుని షామియానాలోకి దూసుకొచ్చారు. వాళ్ళు పరిగెత్తడం చూసి హల్బీ వాళ్ళు పరిగెత్తారు, వాళ్ళను చూసి హిందీ వాళ్ళు లేచారు. మైక్ సార్ "శాంతి! శాంతి!" అంటుంటే, ఆయన నోటి పక్కనే మా నాన్న "తినుడుకైతే ముందుంటరు!" అంటున్నాడు. పలక ఆరేదాకా ఆపవద్దని రాసింది నేనే. అందుకని అది మళ్ళీ మొదట్నుంచి చెబుతోంది. నేను పరిగెత్తుకెళ్ళి చొక్కా అంచుతో పలక తుడిచాకే ఆగింది. మండుటెండలో, ఒక్క చినుకు లేని ఆకాశం కింద, జిల్లా అంతా షామియానాలో ఇరుక్కుని నా వంక చూసింది.

నాన్న ఎక్కడున్నాడా అని వెతికాను. టీ గ్లాసు పట్టుకుని, ఉన్నచోటే, కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తున్నది నన్ను కాదు, స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్‌ని.

తిరుగు జీపులో బచేలీ దాకా ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. బావ నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి తల బయట పెట్టుకున్నాడు. నేను దుకాణంలో కూర్చోవడానికి మనసును సిద్ధం చేసుకుంటున్నాను, అంటే పళ్ళు నూరుతున్నాను. సగం దారిలో నాన్న నోరు విప్పాడు.

"అది నా గొంతేనా?"

"నీదే నాన్నా."

"నేను గట్ల అరుస్తనా?"

"అరుస్తావు."

"వానొచ్చినప్పుడేనా?"

బావ తల లోపల పెట్టి, "మావయ్యా, వాన అక్కర్లేదు. మబ్బు పడితే చాలు" అన్నాడు.

మనిషి తన గొంతును తను ఎప్పుడూ బయటనుంచి వినడు కదా. నాన్న విన్నది కూడా ఏకంగా దంతెవాడ లౌడ్‌స్పీకర్లలో. క్వార్టర్ ముందు జీపు దిగుతూ, నా అట్టపెట్టె ఆయనే అందుకుని, మెల్లగా, నాకు కొత్తగా వినిపించేంత మెల్లగా, "ఈ ఏడు కూడ అత్త దగ్గరనే ఉండు. చదువుకో. చింతపండుకు ఎవరినన్న చూసుకుంట" అన్నాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు! ఇంకా ఒళ్ళు మండింది. ఇన్ని పుస్తకాలు చదివి, రెండు భాషలు నేర్చి, పరీక్ష పెట్టి గెలవాల్సింది నేను. గెలిపించింది ఏంటి? మా నాన్న గొంతూ, ఊడిన తీగా, సర్దే బుద్ధి ఉన్న ఒక వాలంటీరూ. అత్త అన్నం పెట్టి "తిను నాయనా, చదువు నిలబడింది కదా" అంటే, "ఇలాగా నిలబడేది?" అని కంచం ముందు నుంచి లేచిపోయాను. (కాసేపటికి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. అత్త చేపల పులుసు పెట్టింది. అదీ కోపంగానే తిన్నాను.)

ఆ ల్యాబు ఉద్యోగం ఆ ఏడూ రాలేదు, తర్వాతా రాలేదు. ఇప్పుడు కోంటాలోనే నాకొక చిన్న గది ఉంది. కాటాలు, మోటారు స్టార్టర్లు, మొండికేసిన బోర్డులు బాగుచేస్తుంటాను. పనికి ఏ భాష దగ్గరుంటే ఆ భాషలో రాస్తాను. ఇంటర్నెట్‌లో కుర్రాళ్ళు ఇంకా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, వ్యాసాలు ఇంకా "మీ అవసరాన్ని బట్టి" అనే ముగుస్తున్నాయి. వాటిని చూడగానే నాకు కోపం వస్తుంది. మొన్న ఒక కుర్రాడు ఇంటర్నెట్‌లో అడిగితే, ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు కదా, ఆనాడు వేదిక మీద నన్ను చెప్పనివ్వని తీర్పు వీడికైనా చెప్పేద్దామని ఉత్సాహంగా కూర్చుని టైపు చెయ్యబోయాను. వేళ్ళు ఆగిపోయాయి. ఏది గొప్పదని తేల్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ ఎండ గుర్తుంది, బల్ల గుద్దిన చెయ్యి నొప్పి గుర్తుంది, మెట్లు దిగుతూ "తీర్పు వినండి!" అని గొంతు చించుకున్న ఆ బక్కపలచని కుర్రాడు గుర్తున్నాడు. వాడు చెప్పబోయిన మాట మాత్రం లేదు. వాడిని అప్పుడే ఒక్క నిమిషం మాట్లాడనిచ్చి ఉంటే ఏం పోయేదయ్యా, మీ సొమ్మేం పోయేది!